నాలుగడుగుల పదంగుళాలు

నేను కాపురానికి ఆళ్లగడ్డ వచ్చిన కొత్తలో మా అత్త నాకు అప్పగించిన మొదటి పని మరిదికి జడ వేయడం. నవ్వకండి. ఆడబిడ్డకు కాదు, మరిదికే. పేరు నరసింహులు. పన్నెండు దాటినవాడు, మోకాళ్ళ నిండా చెక్కులు, చొక్కాకు గుండీలు నిలవవు, వీపు మీద మాత్రం నాకంటే పొడుగు జడ. పుట్టిన్నాటి నుంచి ఆ తలకు కత్తెర తగల్లేదు. నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఆగదు. నంద్యాలలో మా అమ్మ ఎన్ని జాగ్రత్తలు చెప్పి పంపినా మొదటి రోజే అడిగేశాను.

"ఏమత్తా, ఈనికి పూలు గూడా పెట్టాల్నా?"

మా అత్త ఉమామహేశ్వరమ్మ నవ్వలేదు. "పుట్టెంటికలమ్మీ. అహోబిలం నరసింహసామికి మొక్కుకున్నేవి. గట్టిగా లాగాకు" అని ఆముదం గిన్నె నా ముందు పెట్టి లోపలికి పోయింది.

అది యాభై ఏడో సంవత్సరం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి ఏడాదైనా మా మామ లక్ష్మీనారాయణకు ఆ కోపం ఇంకా దిగలేదు. పొద్దున లేస్తే రాజధానిని తిట్టడం, పొద్దుగూకితే మా అత్త అన్నను తిట్టడం, రెంటి మధ్య సేద్యం. ఆ అన్న పేరు పాండురంగయ్య, నంద్యాలలో పత్తి వ్యాపారం. నాకు వరసకు పెదనాయన అవుతాడు.

పుట్టెంటికలు తీయాలంటే ముందు మేనమామ మూడు పాయలు కత్తిరించాలి, తర్వాతే మంగలి కత్తి. నరసింహులుకు ఐదో ఏట అందరూ తిరునాళ్ళకు అహోబిలం చేరారట. పెదనాయనకు బస్సు దొరక్క ఆలస్యమైంది. ఎండ ముదురుతోందని మా మామ మంగలిని కూర్చోమన్నాడు. కత్తి నూరుతుండగా పెదనాయన వచ్చి చూసి, "ఇంగ నేనెందుకు?" అని వచ్చిన దారినే పోయాడు. "పోతే పోనీ" అన్నాడు మా మామ. అన్న చెయ్యి పడనిదే బిడ్డ తల ముట్టనివ్వనని మా అత్త పిల్లవాణ్ణి చంకనేసుకుని బండెక్కింది. అంతే. ఏడేళ్ళు గడిచిపోయాయి. ముగ్గురిలో ఒక్కరూ మెట్టు దిగలేదు, జడ మాత్రం నడుం దాకా దిగింది.

బడి మైదానం మా పెరటి గోడకు ఆవలే. సాయంత్రం పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే కట్టెల మోపు మీద నిలబడి గోడ మీదుగా చూసేదాన్ని. కొత్తకోడలు అలా నిలబడకూడదని మా అత్త కేకలేసేది. నంద్యాలలో మా అన్నలిద్దరూ ఆడేవాళ్ళు, నాకు ఆట తెలుసు. తెలుసు కాబట్టే చెబుతున్నాను, మా మరిది లాంటివాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. జడను నడుముకు చుట్టి లాగులోకి దోపుకుని, బంతిని ఎడమకాలి పక్కన పెంపుడు కుక్కపిల్లలా వెంటేసుకుని ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయేవాడు. వాడు గోలు కొడితే నేను గోడ మీద చెయ్యి చరిచి అరిచేదాన్ని. డ్రిల్లు సారు ఇమ్మానుయేలు ఒకసారి తలెత్తి చూసి, "ఎవురమ్మా ఆడ?" అని అడిగాడు. గబుక్కున కిందికి దూకి కాలు బెణికించుకున్నాను.

పుష్యమాసంలో నంద్యాలలో పిల్లల పోటీలు పెట్టారు. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకు ఒకటి, పదిహేడేళ్ళ లోపు వాళ్ళకు ఒకటి. సరే, వయసు ఎవరు చెబుతారు? ఒక తల్లి "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అంటుంది, ఇంకో తల్లి "మా ఎర్రావు ఈనిన వారానికి" అంటుంది. మీసాలొచ్చినవాణ్ణి కూడా పదమూడేళ్ళని తెచ్చి నిలబెట్టే ఘనులున్నారు. అందుకని ఆ పోటీలు పెట్టినవాళ్ళు వయసు సంగతి వదిలేసి పొడుగు పట్టుకున్నారు. రెండు గుంజలు పాతి, నాలుగడుగుల పదంగుళాల ఎత్తున వాటి మీద ఒక వెదురు ఊరికే ఆనించి పెడతారు. పిల్లవాడు తల వంచకుండా, మోకాళ్ళు ముడవకుండా దాని కింద నడిచిపోవాలి. వెదురు కదిలిందా, పో పెద్దపిల్లల్లోకి.

ఇమ్మానుయేలు సారు మా మైదానంలోనూ అట్లాంటి వెదురొకటి కట్టాడు. పిల్లలంతా వరసగా దూరి పోయారు. నరసింహులు వంతు వచ్చేసరికి వెదురు గుంజల మీది నుంచి జారి కింద పడింది. సారు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. సారు వాడి నడినెత్తి మీద అరచెయ్యి పెట్టి అదిమి చూశాడు.

"నీ నెత్తి లోపలే ఉండాదిరా, నీ ఎంటికలు బయటుండాయి" అన్నాడు.

పిల్లలు విరగబడి నవ్వారు. వాడు నవ్వలేదు. గోడ మీద నాకూ నవ్వు రాలేదు. వాడు లేకపోతే ఆ జట్టు లేదు, అది సారుకూ తెలుసు, ఊళ్ళో గొడ్లు కాసేవాళ్ళకూ తెలుసు. వచ్చే ఏడు ఆడొచ్చు కదా అంటారేమో. వచ్చే ఏటికి వాడు ఎంటికలు లేకుండానే వెదురు ఎత్తు దాటిపోతాడు. పెద్దపిల్లల్లో పడితే కొమ్ములొచ్చిన దున్నల మధ్య దూడ. అదీగాక మా మామ ఎప్పుడో చెప్పేశాడు, ఈ ఏటితో చదువు చాలు, ఎండాకాలం నుంచి వాడు మడక పట్టి దున్నాల్సిందేనని. ఆడితే ఇప్పుడే ఆడాలి.

ఆ సాయంత్రం సంగటి ముద్దలు పెడుతూ నేనే కదిపాను. మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. నేను వింటేనా?

"మామా, నరసింహులుకు ఎంటికలు అడ్డమొచ్చినాయి. ఆటకు తీసుకోరంట."

"దానికేముంది? రేపు మంగలాయన్ను పిలిపిస్తా. గీకి పారేస్తాడు" అన్నాడు మా మామ.

"మా అన్న చెయ్యి పడకుండా నా బిడ్డ నెత్తికి ఏదీ తగల్దు" అంది మా అత్త గోడవైపు తిరిగి.

"మీ అన్న చెయ్యి! ఏడేండ్లాయ, వచ్చినాడా మీ అన్న?"

"నువ్వు పిలిచినావా?"

"నేనా? నేను పిల్చేదా? అలిగి పోయినోన్ని నేను గడ్డం పట్టుకోని బతిమిలాడేదా?"

"పిలవాకు. నేను పిలవమన్నానా?"

నరసింహులు సంగటి వేలితో కెలుకుతున్నాడు. చెయ్యి కడుక్కుని లేచి పెరట్లోకి పోయాడు. అవతల చీకట్లో బంతి గోడకు కొట్టుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఇక అక్కణ్ణుంచి మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. వాడైతే మరీను. పాలు మానేశాడు. ఎందుకురా అంటే "పాలు తాగితే పెరుగుతారంట వదినా" అన్నాడు. చేలో పత్తి ఏరుతున్న రోజులవి. పిలవకుండానే పోయి పత్తి మూటలు నెత్తిన పెట్టుకుని మోసేవాడు. కొడుక్కు సేద్యం మీద బుద్ధి పుట్టిందని మా మామ మురిసిపోయి ఊరంతా చెప్పుకున్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. నెత్తిన బరువు మోస్తే పొడుగు పెరగరని ఎవరో చెప్పారు వాడికి. "మొద్దూ, నీకన్నా ముందు మీ నాయన మోసినాడు మూటలు, తాటిచెట్టంత కాలేదా?" అని తిట్టాను. ఆ రోజు నుంచి మూటలు కూడా మానేసి మంచం మీద ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టాడు.

నా వంతు నేనూ చేశాను. ఆముదం పట్టించి, తడిపి, నడినెత్తి మీద గట్టిగా పాపిట తీసి, గుడ్డ బిగించి కట్టి చూశాను. ఆ జుట్టు మామూలుదా? బర్రె తోకలా మందం. ఎంత అణిచినా వేలి మందం మిగిలిపోయేది. వాకిలి దారబందానికి వాణ్ణి ఆనించి నిలబెట్టి బొగ్గుతో గీత గీసేదాన్ని. పొద్దున్నే చూస్తే గీత ఉండేది కాదు. ఒకరోజు కాపు కాసి పట్టుకున్నాను. మా అత్త తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఎందుకత్తా తుడుస్తావు?"

"బతికున్న బిడ్డను కొలుస్తారామ్మీ ఎవరన్నా? నీకు బుద్ధుందా ల్యా?"

ఆమె గొంతు విని ఆ రోజుకు గీత గీయడం మానేశాను. కానీ కోపం మాత్రం పోలేదు.

మా పినతల్లి కూతురి పెళ్ళికని పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఎవరికీ చెప్పకుండా పెదనాయన ఇంటికి పోయాను. వాకిట్లో పత్తి కుక్కిన బోరేల మీద కూర్చుని ఉన్నాడు. ఫలానా వాళ్ళ కోడల్ని అని చెప్పుకోగానే లేచి నిలబడి, "మా చెల్లెలు బాగుండాదా?" అని అడిగాడు. మజ్జిగ ఇప్పించాడు. సంగతంతా విన్నాడు.

"ఎంత ఎత్తుండాడు?" అన్నాడు.

చెయ్యి నా చెవి దగ్గర పెట్టి చూపించాను. పెదనాయన ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయన మనసులో పిల్లవాడు ఇంకా ఐదేళ్ళ దగ్గరే ఉన్నట్టున్నాడు పాపం.

"రమ్మంటే వస్తా పాపా. మీ మామ ఒక్క మాట అనమను. 'రా బావా' అంటే చాలు. నేను గుర్రం పంపి మేళాలు పెట్టమంటాండానా?"

ఆ ఒక్క మాట మోసుకుని ఆళ్లగడ్డ వచ్చి మా మామ ముందు పెట్టాను. చెప్పకుండా పోయినందుకు ముందు నాకు అక్షింతలు పడ్డాయి. తర్వాత ఆయన, "ఆయప్ప ఒక్క మాట అనమను, నాది తప్పాయ బావా అనమను, బండి కట్టుకోని పోతా" అన్నాడు. పెద్దమనుషులు! ఇద్దరికీ చెరొక చెంప వాయించాలని ఉండేది నాకు. మా అత్త మాత్రం అన్న బాగున్నాడా అని కూడా అడగలేదు. అది నాకు వింతగా తోచింది.

పోటీలు ఇంకో వారముందనగా కొలిమిగుండ్ల పిల్లలు మా మైదానంలో ఆడటానికి వచ్చారు. నేను కట్టెల మోపు మీద నా చోట్లో ఉన్నాను. నరసింహులు బంతి తీసుకుని గోలు మీదికి పోతున్నాడు, ఒక్కడే మిగిలాడు దాటడానికి. పరుగులో జడ లాగులోంచి జారి బయటపడింది. వెనకనుంచి ఒకడు ఆ జడ అందుకుని గుంజాడు. నరసింహులు వెల్లకిలా నేల మీద పడ్డాడు. ఆ చప్పుడు నాకు గోడ దాకా వినిపించింది. పడ్డవాడు కదల్లేదు. నోరు తెరుస్తున్నాడు, ఊపిరి అందడం లేదు.

నేను అరిచిన అరుపుకు మా అత్త పరుగెత్తుకొచ్చింది. ఆమె ఎప్పుడూ ఎక్కని కట్టెల మోపు ఎక్కి నా పక్కన నిలబడింది. ఇమ్మానుయేలు సారు వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని వీపు రుద్దుతున్నాడు. కాసేపటికి వాడు లేచి కూర్చుని, జడను మళ్ళీ లాగులోకి దోపుకుని, బంతి ఎక్కడుందో అని చూశాడు. మా అత్త చెయ్యి నా భుజం మీద ఉంది. గోళ్ళు దిగబడుతున్నా నేను కదల్లేదు.

మర్నాడు వసారాలో ఇద్దరం పత్తిలో చెత్త ఏరుతున్నాం. మగవాళ్ళు చేను మీదికి పోయారు. మా అత్త ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టింది.

"మీ ఆయన తర్వాత నలుగుర్ని కన్నానమ్మీ. ఒక్కరు నిలబడల్యా. మూడేండ్లు దాటినోల్లు ల్యారు. ఈడు కడుపులో ఉన్నప్పుడు మొక్కుకున్నా. పుట్టెంటికలు నీకిస్తా సామీ, బిడ్డను నాకియ్యి అని."

"ఇచ్చినాడు గదత్తా."

"ఇచ్చినాడు. ఆయనకు రావాల్సింది ఇంగా నా దగ్గరుండాది. అది ఉన్నంతకాలం ఈని మీద ఆయన కన్నుంటాది. ఇచ్చేసినాననుకో..." చేతిలో పత్తి కిందపెట్టింది. "ఇచ్చేసినాక ఆయనకు ఈనితో ఏం పని?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అహోబిలంలో అన్న అలిగి పోయిన రోజు ఈమె ఏడ్చిందనే అందరూ అనుకున్నారు. ఏడవలేదు. బతికిపోయాననుకుంది. అన్నకు పౌరుషం, మొగుడికి పంతం, ఈమెకు ఆ రెండూ చల్లని నీడ.

"అయితే మామ పిలిచినా, పెదనాయన వచ్చినా..."

"ఇంగో సాకేదో చెప్పిందును" అంది మా అత్త. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. "ఎవరికీ చెప్పాకు."

ఆమె మీద జాలేసింది నాకు. జాలితో పాటు కోపమూ వచ్చింది, రెండూ కలిసి ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని అనేశాను.

"వాడు పెరుగుతాండాడత్తా. నువ్వు గీత తుడిసినా పెరుగుతాండాడు. ఎంటికలు కొయ్యకపోయినా పెరుగుతాండాడు. నిన్న వాన్ని కింద పడేసింది ఆ జడనే గదా?"

ఆమె పత్తి బుట్ట దగ్గరికి లాక్కుని ఏరినదాన్నే మళ్ళీ ఏరసాగింది.

పోటీ రోజు పిల్లలను తీసుకుని ఇమ్మానుయేలు సారు తెల్లవారే బస్సుకు పోయాడు. నరసింహుల్నీ తీసుకుపోయాడు, కొలతలో కొంచెం చూసీచూడనట్టు పోనిస్తారేమోనని ఆశ. మా మామకు హఠాత్తుగా నంద్యాలలో పత్తి ధర కనుక్కోవాల్సిన పని పడింది. ఆయనా మా ఆయనా రెండో బస్సుకు బయల్దేరుతుంటే, మా అత్త పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. "నేనూ వస్తా" అంది. నా పెళ్ళికి తప్ప ఏడేళ్ళుగా నంద్యాల పొలిమేర తొక్కని మనిషి. ఇంత జరుగుతుంటే నేను ఇంట్లో ఉంటానా?

మేం మైదానం చేరేసరికి కొలతలు జరుగుతున్నాయి. వెదురు దగ్గర కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. నరసింహులు వెళ్ళాడు. నిటారుగా, ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని నడిచాడు. వెదురు కదిలింది. పడలేదు, కదిలింది అంతే.

"బయటికి" అన్నాడు కళ్ళద్దాలాయన.

"నెత్తి మీద చెయ్యి పెట్టి సూడండి సార్, అంగుళానికి పైగా ఎంటికలే" అని సారు బతిమిలాడాడు.

"సూసేది నేను కాదప్పా, వెదురు. అది కదిలింది. ఆట మధ్యాహ్నం, అంతవరకు ఎన్నిసార్లన్నా తీసుకోని రా. దానికి తగలకుంటే చాలు."

నరసింహులు మా దగ్గరికి వచ్చాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. చొక్కా విప్పి తన బదులు ఆడబోయే పిల్లవాడికి ఇచ్చాడు. మా అత్త పక్కన గడ్డిలో చతికిలబడి, "నువ్వు నిలబడాకు అమ్మా, ఎండగా ఉండాది. ఈడ కూచ్చో. ఈడ్నించి బాగా కనబడతాది" అన్నాడు. తల్లి కోసం పక్కకు జరిగి చోటిచ్చాడు.

మా అత్త కూర్చోలేదు. నావైపు తిరిగింది.

"మా అన్న ఇంటికి పోదాం. నడువు."

ఆ వీధి దాకా ఆమె నడవలేదు, దాదాపు పరుగెత్తింది. నేను వెనకబడ్డాను. వాకిట్లో ఆగి, గడప తొక్కకుండా పిలిచింది.

"అన్నా!"

పెదనాయన బయటికొచ్చి అలాగే నిలబడిపోయాడు. చెల్లెలి జుట్టు నెరిసింది, ఆయనదీ నెరిసింది.

"మీ ఆయన రమ్మన్నాడా?" అన్నాడు చివరికి.

"నేను రమ్మంటాండా. కత్తెర తీసుకోని రా. బేగా రా."

ఆయన లోపలికి పోయి, బోరేల పురికొస కత్తిరించే కత్తెర చేతిలో పట్టుకుని, చెప్పులు కూడా మరిచిపోయి వచ్చాడు.

మమ్మల్ని దూరం నుంచే చూసి మా మామ లేచి నిలబడ్డాడు. పెదనాయన పది గజాల అవతల ఆగిపోయాడు. ఇద్దరి మధ్యా గడ్డిలో పిల్లవాడు. మేనల్లుణ్ణి చూసి పెదనాయన గొంతు సవరించుకున్నాడే తప్ప అడుగు ముందుకు వేయలేదు. మా మామ గోలు గుంజలవైపు తల తిప్పుకున్నాడు. ఇమ్మానుయేలు సారు వాళ్ళనూ, మైదానాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ ఒక్క మాట కోసం అట్లా నిలబడితే పొద్దుగూకేదాకా నిలబడతారని నాకు తెలుసు.

మా అత్త ఎవరి మొహమూ చూడలేదు. కొడుకు వెనక కూర్చుని జడ విప్పడం మొదలుపెట్టింది. అల్లింది నేను, విప్పుతున్నది ఆమె. జుట్టంతా వీపు మీద పరుచుకున్నాక, "పుట్టెంటికలు నేలన పడగూడదు. కింద గుడ్డేదన్నా పరచాల" అంది. ఎవరితోనూ కాదు, ఊరికే అంది.

హడావిడిగా వచ్చామేమో, మా దగ్గర గుడ్డ ముక్క లేదు. నేను మా ఆయన భుజం మీది కండువా కోసం చెయ్యి చాపాను.

అంతలో మా మామ తల రుమాలు విప్పాడు. చుట్టలు చుట్టలుగా విప్పి, దులిపి, తెచ్చి కొడుకు వెనక నేల మీద పరిచాడు. మడతలు పోయేలా అరచేత్తో నిమిరాడు. పోయి అవతల కూర్చున్నాడు. మా మామకు బట్టతల అని నాకు ఆ రోజే తెలిసింది. అంత జనంలో ఆయన బోడితలతో కూర్చుని గోలు గుంజలను చూస్తూనే ఉన్నాడు.

పెదనాయన ఆ రుమాలునే చూశాడు. వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి పాయ చేతిలోకి తీసుకున్నాడు. కత్తెర మొద్దుది, ఒక పట్టాన తెగలేదు. రెండోది కొంచెం తేలిగ్గా తెగింది. మూడోదాని దగ్గర ఆయన కత్తెర ఆపేస్తే నరసింహులు, "ఏం కాదులే మామా, కొయ్యి" అన్నాడు. పెదనాయన ఏడ్చేశాడు.

మా ఆయన బస్టాండు దగ్గరి మంగలిని లాక్కొచ్చాడు. "కత్తెరే. కత్తి తగలీయొద్దు. కత్తి అహోబిలంలోనే" అని మా అత్త పక్కనే కాపలా కూర్చుంది. తల పొట్టిగా అయ్యేసరికి వాడి చెవులు అంత పెద్దవని అందరికీ తెలిసింది. మెడ మీద ఎన్నడూ ఎండ తగలని చోటు తెల్లగా ఉంది. మా అత్త ఆ చోట చెయ్యి పెట్టి కాసేపు తీయలేదు. తర్వాత రుమాలు నాలుగు కొసలూ ముడేసి మూట ఒళ్ళో పెట్టుకుంది.

వెదురు కింద వాడు ఈసారి కళ్ళు తెరుచుకుని నడిచాడు. చాలా కొద్ది సందు, కానీ వెలుతురు కనిపించింది. కళ్ళద్దాలాయన తలూపాడు. ఇచ్చిన చొక్కా వెనక్కి తీసుకుని తొడుక్కుంటూ వాడు పరుగెత్తిన పరుగు చూడాలి మీరు.

మధ్యాహ్నం ఆట నంద్యాల పిల్లలతో. వాళ్ళు బలిసిన పిల్లలు, ఒకేలాంటి బనీన్లు. మొదట్లోనే మా మీద గోలు కొట్టారు. నరసింహులుకు తల తేలికై తూకం తప్పినట్టుంది, ఒకటి రెండుసార్లు తూలాడు. తర్వాత కుదురుకున్నాడు. ముగ్గుర్ని దాటి ఎడమకాలితో కొట్టిన గోలు మీద నేను ఎంత అరిచానంటే పక్కన వేరుశెనక్కాయలమ్మే మనిషి గంప దూరం జరుపుకున్నాడు. మా మామా పెదనాయనా ఎడంగానే కూర్చున్నారు గానీ, ఆ గోలుకు ఇద్దరూ ఒకేసారి లేచారు. "ఆ బలిసినోడు కాలు అడ్డం పెడతాండాడు, సూస్తాండావా బావా?" అన్నాడు పెదనాయన. "సూస్తాండా, సూస్తాండా" అన్నాడు మా మామ చిరాగ్గా. ఏడేళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మాటలు అవే.

మా అత్త ఆట చూడటం లేదు. మూట రొమ్ముకు అదుముకుని, పెదవులు కదుపుతూ, నేలవైపే చూస్తోంది.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా ఆ బలిసినవాడే మా వాడి కాలు మీద కాలు వేశాడు. నరసింహులు ఎగిరి మొహాన పడ్డాడు. మైదానమంతా "అయ్యో" అంది. ఈసారీ వాడు కదల్లేదు. ఈల వేసే ఆయన వాడి దగ్గరికి నడుస్తున్నాడు. నాకు భయమేసింది. వాడికోసం సగం, మా అత్తకోసం సగం. చూద్దునుగదా, ఆమె లేచి నిలబడి ఉంది. ఒళ్ళో మూట కింద పడింది. దాన్ని చూసుకోలేదు. చీర కొంగు జారితే సర్దుకోలేదు. పరాయి మగవాళ్ళ ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి మైదానం గీత దాకా పోయి నిలబడింది.

"లెయ్ రా!" అని అరిచింది. "నరసింహా, లెయ్ రా! ఏం కాలేదు నీకు! లేసి పరిగెత్తు!"

వాడు తలెత్తి చూశాడు. ముక్కులోంచి రక్తం కారుతోంది. చొక్కాతో తుడుచుకుని లేచాడు. పరుగెత్తాడు. ఆమె గీత వెంబడే అటూ ఇటూ నడుస్తూ, వాడు అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు, "పరిగెత్తు, పరిగెత్తు" అంటూనే ఉంది. నేను వెనక నుంచి మూట తీసుకుని మట్టి దులిపి పట్టుకున్నాను.

ఓడిపోయాం. ఆఖర్న వాళ్ళే ఇంకొకటి కొట్టారు. ఈల మోగింది, పిల్లలు తలలు వేలాడేసి బయటికొస్తున్నారు, నరసింహులు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మైదానం మధ్యలో ఒగురుస్తున్నాడు. జనం లేచి సైకిళ్ళు తీసుకుంటున్నారు. మా అత్త మాత్రం గీత దగ్గర్నుంచి కదలకుండా, కొడుకు మీది నుంచి చూపు తిప్పకుండా నన్ను అడిగింది.

"అయిపాయనా అమ్మీ? ఇంగ రోంతసేపు ఆడించగూడదా?"